లేచిన ప్రతిసారీ

ఫోనులో ఆ ఒక్క మాటే వరసగా ఉంది. లేచిన. లేచిన. లేచిన. నిన్నటిది, మొన్నటిది, అటు మొన్నటిది, వేలితో పైకి జరిపినకొద్దీ అదే మాట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. మంఖాల్‌లో పుట్టింటి చేన్లో, బాపు బావి మీద రేకుల షెడ్డులో, మోటారు స్టార్టరు పక్కన తను బిగించిన, ఫోను మోగిస్తే మోటారు పెట్టి ఆపే డబ్బా పంపే మాట అది. సుమలత ఆటోలో కూర్చుని, ఎయిర్‌పోర్టు కార్గోలో విడిపించుకున్న పార్సిలు ఒళ్లో పెట్టుకుని, ఇంకేమీ తోచక వాటిని చూస్తోంది. పొద్దుటి నుంచి కౌంటరు ముందు నిలబడ్డ కాళ్లు పీకుతున్నాయి. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమెకు లోపల చిన్న నవ్వు వచ్చేది, పడుకున్న పసిపిల్ల లేచి ఒక కేక వేసి తను లేచానని ఇంట్లో వాళ్లకు చెప్పినట్టు ఉండేది. ఇవాళ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇది రోజూ ఎందుకు లేస్తోంది? లేవాలంటే ముందు పడుకోవాలి కదా. దానికి పడుకునే పనే లేదు, బ్యాటరీ పెట్టింది తను, కరెంటు పోయినా మేలుకుని ఉండాలని. బిగించిన రోజు ఒక్కసారి లేచి, ఆ తర్వాత ఇక లేవకూడదు. రోజూ లేస్తోందంటే రోజూ పోతోందన్నమాట. రేకుల కింద ఎండకు ఉడికి బ్యాటరీ పాడైంది, కరెంటు పోయిన కొంతసేపటికి డబ్బా పోతోంది, మళ్లీ కరెంటు వచ్చినప్పుడు పుడుతోంది. పుట్టిన ప్రతిసారీ తను రాసిన ప్రోగ్రాము మొదటి వరస నుంచి మొదలు. మొదటి వరసలో తను ఏం రాసింది? బాపు_మాట అని ఒక పేరు పెట్టింది, దానికి ఎదురుగా ‘నడువు’ అని రాసింది.

పొద్దున బాపు మాట్లాడాడు. మాట్లాడాడంటే ఆయన ఒక మిస్డ్ కాల్ ఇచ్చాడు, తను కౌంటరు క్యూలోంచే తిరిగి చేసింది. “గ్లాండు కాడ నీళ్లు కారుతున్నయి బిడ్డా, ఇయ్యాల దిగి తాడు మారుస్త. నీ డబ్బాకు రెండు కాల్లు కొట్టిన, బంద్ అని. అది గూడ తిరిగి కొట్టింది” అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు. “మంచిది బాపు” అంది తను, అప్పుడే కౌంటరులో తన పేరు పిలిచారు. మంచిది. ఏం మంచిది? పొద్దున డబ్బాలో ప్రాణం మిగిలి ఉంది కాబట్టి ఆయన మాట విన్నది, విని సరేనన్నది. ఇప్పుడు ఆ ప్రాణం లేదు, ఆ మాటా లేదు. ఈ వారం వాళ్ల ఊరి మోటార్లకు కరెంటు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. వచ్చిన వెంటనే డబ్బా లేస్తుంది, ఆమెకు చెబుతుంది, కాసేపు ఆగుతుంది, మోటారు పెడుతుంది. ఆ సమయానికి బాపు బావిలో సగం మెట్ల కింద చప్టా మీద, ఇరుసుకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని, వేళ్లతో గ్లాండు సందులోంచి, నీళ్లు కారకుండా ఇరుసు చుట్టూ కుక్కిన పాత తాడు లాగుతూ ఉంటాడు.

“అన్నా, బండి తిప్పు” అంది. “బడంగ్‌పేట్ వద్దు. మంఖాల్ పోవాలి, తుక్కుగూడ మీదుగా.”

ఖాజా, పహాడీ షరీఫ్ మనిషి, ఆటో ఎక్కినప్పుడే తన పేరూ తన తమ్ముడి పెళ్లి సంగతీ చెప్పినవాడు, అద్దంలోంచి చూశాడు. “ఇంకా దూరం పడ్తది అక్కా. కిరాయి మల్ల మాట్లాడుకోవాలె.”

“ఎంతంటే అంత. జర జల్దీ.”

“క్యా హువా? దవాఖానకా?”

కాదనబోయి ఆగింది. కాదని ఎలా అంటుంది? “మా బాపు” అంది. అతను బండిని రోడ్డు మధ్యలోనే తిప్పేశాడు, వెనకనుంచి ఎవడో తిట్టాడు, ఇతనూ తిట్టాడు.

ముందు డబ్బా నంబరుకు చేసింది. స్విచ్ఛాఫ్. ఆ మాటను అంత మర్యాదగా, అంత తీరుబడిగా చెప్పే ఆ అమ్మాయి గొంతు మీద కోపం వచ్చింది. అయితే అనుమానం నిజమే. తర్వాత బాపుకు చేసింది. మోగుతోంది. మోగుతోంది, మోగుతోంది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మోగి ఆగిపోయింది. అప్పుడు తట్టింది, ఆయన ఎత్తడు. ఆయనే మిస్డ్ కాల్ ఇచ్చి పిలిస్తే తప్ప బిడ్డ దగ్గరినుంచి ఫోను మోగితే దానికి వాళ్లింట్లో ఒకటే అర్థం, చేరిన అని. మంఖాల్ నుంచి బడంగ్‌పేట్‌కు వెళ్లిన ప్రతిసారీ ఇల్లు చేరగానే తను ఒకసారి మోగిస్తుంది, ఆయన ఎత్తడు, మోగింది కాబట్టి చేరింది, ఇంక అన్నం తినవచ్చు. ఎత్తితే పైసలు పోతాయని తనే నేర్పింది ఆ పద్ధతి. చదువు రాని బాపుకు మెసేజీలు ఎందుకు, ఈ పద్ధతే చాలని డబ్బాకూ అదే నేర్పింది. ఒకసారి మోగితే పెట్టు, రెండుసార్లు మోగితే ఆపు, విన్నట్టు గుర్తుగా తిరిగి ఒకసారి మోగించు. పక్క చేన్ల వాళ్లు ఆకతాయిగా మోగించకుండా బాపు నంబరు తప్ప ఇంకెవరి నంబరూ వినకుండా కూడా రాసింది. తనదీ వినదు. చేసిన చేతులకే తలుపు వేసుకుంది. ఇప్పుడు ఆయన ఫోను గట్టు మీద అంగీ జేబులో మోగుతూ ఉంటుంది, పైన అవ్వ, తనను కన్నతల్లి, కూర్చుని ఉంటుంది, బిడ్డ ఎక్కడికో పోయింది, చేరింది, మంచిగ చేరింది అనుకుంటూ.

సర్వీసు రోడ్డు ఎక్కారు. పక్కన ఎత్తు మీద అవుటర్ రింగు రోడ్డు నున్నగా సాగుతోంది, దాని మీదికి ఆటోలను రానివ్వరు, అక్కడ కార్లు నిమిషంలో కనుమరుగవుతున్నాయి, ఇక్కడ తమ బండి ప్రతి గుంతనూ పలకరిస్తూ పోతోంది. టైము చూడకూడదనుకుంది. చూసింది. ఒకటిన్నర దాటింది. నరేందర్‌కు చేస్తే, బాబాయి కొడుకు, ఊళ్లో ఉంటే పరుగెత్తుకుని పోయేవాడు, కానీ వాడు ఇక్కడే ఎయిర్‌పోర్టు లోపల సామాన్ల డ్యూటీలో ఉన్నాడు, డ్యూటీలో ఫోను బయటే పెట్టించుకుంటారు. పక్క చేను గోపయ్య నంబరు పాత ఫోనుతో పోయింది. ఎవరున్నారు ఇంకా, అంత ఊళ్లో, పుట్టి పెరిగిన ఊళ్లో, ఒక్క నంబరు లేదా తన దగ్గర? బడంగ్‌పేట్‌లో పాలవాడి నంబరుంది, గ్యాసు బండ వాడిది ఉంది, అత్తయ్యకు ఆవిరి మిషను బాగు చేసేవాడిది ఉంది. పుట్టింటికి బాపు ఒక్కడే నంబరు.

‘నడువు’ అన్న ఆ వరస ఎప్పుడు రాసింది? వంటింట్లో, కుక్కరు పక్కన. బడంగ్‌పేట్ ఇంట్లో ఆమెకంటూ ఒక బల్ల లేదు, గ్యాసు గట్టు చివర, పప్పు డబ్బాలు జరిపితే వచ్చిన చోటే ఆమె పనిచోటు. లిఫ్టులు చేసే కంపెనీలో బోర్డులు బాగుచేసే ఉద్యోగం, అత్తయ్య రుక్మిణమ్మకు ఉబ్బసం ముదిరినప్పుడు మానేసింది. అక్కడ జగన్ సారు ఉండేవాడు. చిప్పులకు పైథాన్‌లాంటి కంప్యూటరు భాషలు వస్తున్నాయి సార్ అంటే నవ్వేవాడు. “గిది చిప్పు తల్లీ, చిన్నది, దానికి సీ భాషల రాయాలె, కొంచెం గట్టిగ మందలిస్తే గని వినదు. మీరు దానితోటి ముచ్చట పెడతరా?” ముచ్చట పెడతాననే అనుకుంది. ఆ పెద్ద భాషను ఎవరో కోసి, కుట్టి, పసివాడి చొక్కా అంత చేసి, ఇంత చిప్పులో కూర్చోబెట్టారని చదివినప్పుడు ఆమెకు నిద్ర పట్టలేదు. మామూలు కంప్యూటరులో ప్రోగ్రాము వెనక పెద్ద సంసారం ఉంటుంది, కోడలి వెనక అత్త, అత్త వెనక ఆడబిడ్డ ఉన్నట్టు, ఒకరు మరిచిపోతే ఇంకొకరు ఎత్తిపొడిచి అయినా గుర్తు చేస్తారు. ఇక్కడ ఎవరూ లేరు. భాష ఒక్కటే కాపురం పెట్టింది, ఒక్క గది, ఆ గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే పడక. మెమరీలో చోటు నిండితే చేతిలో పని ఆపి తనే ఊడ్చుకోవాలి. ఆ ఊడ్పు గురించే భయపడింది తను. రోజుల తరబడి నడిస్తే లోపల చెత్త పేరుకుని ఆగిపోతుందేమోనని, వంటింట్లో ఒక బల్బుకు తగిలించి వారాలు నడిపింది, బల్బు వెలిగి ఆరి వెలిగి, భర్త రాఘవేందర్ “మనింట్ల దయ్యం దిగిందా సుమా” అన్నాడు. ఆగలేదు. ఒక్కసారీ ఆగలేదు. అంత గట్టిగా చూసుకుంది, చూడాల్సిన చోట కాదు.

చూడాల్సిన చోట అత్తయ్య దగ్గింది. బాపు చెప్పిన మాటను గదిలో గాలికి వదిలెయ్యకుండా, కరెంటు పోయినా పోని చోట, ఆ చిప్పులోనే పక్కనున్న చిన్న అరలో, ఒక ఫైలుగా దాచాలి. లేవగానే ముందు ఆ అర తెరిచి చూడాలి. నాలుగు వరసల పని. ఆ నాలుగు వరసలు మొదలుపెట్టబోతుంటే లోపలి గదిలోంచి దగ్గు, ఊపిరి అందని ఈల, పరుగెత్తి మిషను పెట్టి, మూతికి తొడిగి, వీపు నిమురుతూ కూర్చుంది. వచ్చేసరికి కుక్కరు మాడింది. ఆ వరసల చోట ‘తర్వాత చూడాలి’ అని రాసి పెట్టింది, బ్యాటరీ ఉందిలే అనుకుంది. తర్వాత డబ్బా పనిచేసింది. పనిచేస్తున్నదాన్ని ఎవరు విప్పి చూస్తారు? కీళ్ల నొప్పులతో బాపు, కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు చేను గట్ల మీద పరుగెత్తి స్టార్టరు నొక్కే బాపు, ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోను నొక్కి చామంతికి నీళ్లు పెట్టిన మొదటి రోజు, ఊరందరినీ పిలిచి చూపించాడట. “మా బిడ్డ చేసింది. గా డబ్బాకు నా గొంతు ఎరుకే” అన్నాడట. గొంతు కాదు బాపు, నంబరు అని చెప్పబోయి ఊరుకుంది. ఆ మాట బాగుంది. ఆ మాట ఎంత బాగుందంటే రాత్రి రాఘవేందర్‌కు రెండుసార్లు చెప్పింది.

ఆటో ఆగింది. ముందు లారీలు, లారీల ముందు పోలీసులు అడ్డంగా పెట్టిన బారికేడు. ఎవరో పెద్ద మనిషి విమానం దిగాడట. “గీ సర్వీసు రోడ్డు మీద ఏం పోతడు ఆయన, మీది నుంచి గద పోయేది!” అని ఖాజా దిగి పోయి అరిచి వచ్చాడు. వాళ్ల తలల మీదుగా ఒక విమానం చక్రాలు దింపుకుని పోయింది, కడుపు కనిపించేంత కిందుగా. ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది అవ్వ విమానం పోయినప్పుడల్లా బావి కాడ తలొంచేది, తాకుతుందన్నట్టు. ఇప్పుడు తల ఎత్తి కూడా చూడదు. చుట్టూ చేన్లు ప్లాట్లయ్యాయి, తెల్ల రాళ్లు పాతారు, బాపు అన్న, పెద్దబాపు, తన చేను అమ్ముకుని ఇల్లు కట్టాడు, బాపు ఒక్కడు చామంతి, టమాట పెట్టుకుని ఆ బావిని వదలడు. బావి పాతది, బోరులో దింపే మోటారు కొనమంటే కొనడు, చప్టా మీది ఈ పాత మోటారుతో ఆయనకు మాటలున్నాయి. తాడు ఆయనే మారుస్తాడు, మెకానిక్కు రానివ్వడు. ఆయన చేతులు. చిన్నప్పుడు ఆ చప్టా మీద తను దీపం పట్టుకుని నిలబడితే, గ్రీజు పూసిన తాడును ఆయన వేలితో ఇరుసు చుట్టూ తిప్పి తిప్పి లోపలికి కుక్కేవాడు, అవ్వ జడ వేసినట్టు. తువాల తీసి ఇరుసు మీద వేసేవాడు, చెయ్యి జారకుండా. ఇరుసు మీద చేతులు. ఒకసారి మేడిపల్లి వైపు ఎవరికో చెయ్యి పోయిందని చెప్పేవాళ్లు, మోటారు మీద వేసుకున్న తువాల లాక్కుపోయిందని, చెయ్యి పోయిందో మనిషి పోయాడో, పెద్దవాళ్లు పిల్లల ముందు మొత్తం చెప్పేవాళ్లు కాదు. మొత్తం ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే తను ఆ నాలుగు వరసలు రాసి ఉండేది. ఛ. ఇప్పుడు వాళ్ల మీద నెపం పెడుతోందా తను?

బారికేడు తీశారు. ఖాజా లారీకీ డివైడరుకూ మధ్య తల కూడా పట్టని సందులో దూరాడు. ఆమె మళ్లీ చేసింది. మోగి ఆగింది. మళ్లీ. మోగి ఆగింది. ఇప్పుడిది ఒకసారి కాదు కదా, చేరిన అని ఇన్నిసార్లు ఎవరు చెబుతారు, ఎవరికైనా తట్టాలి కదా. అవ్వా, నీకు ఫోను ఎత్తే పచ్చ గుర్తు నొక్కడం నేర్పలేదు నేను. డబ్బాకు నేర్పిన, చిప్పుకు నేర్పిన, నీకు నేర్పలే.

తుక్కుగూడ చౌరస్తా దగ్గరికి వస్తుండగా చేతిలో ఫోను ఒక్కసారి వణికింది. చూడకముందే తెలిసింది.

లేచిన.

కరెంటు వచ్చింది. రోడ్డు పక్క టీ హోటల్లో ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఒక మనిషి ఆ ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకున్నాడు, ఎంత హాయిగా జరుపుకున్నాడు. డబ్బా ఇప్పుడు ఆగి ఉంటుంది. కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒక్కసారి లేచి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుందని, తన డబ్బా కాసేపు ఆగాలని రాసింది తను, మర్యాద నేర్పింది దానికి, అందరూ లేచాక నువ్వు లెయ్యి అని. బోర్డు మీద పచ్చ దీపం ఆరి వెలుగుతూ ఉంటుంది. ఎంతసేపు ఆగమని రాసింది? గుర్తుంది, గుర్తు రాకుంటే బాగుండు. బాపు, లే. పైకి రా. నీళ్లు తాగడానికి రా, చుట్ట కాల్చుకోవడానికి రా, అవ్వను తిట్టడానికి రా. చేసింది. మోగుతోంది, మోగుతోంది. ఆగిపోయింది. ఇప్పుడు పచ్చ దీపం నిలకడపడి ఉంటుంది. ఇప్పుడు స్టార్టరు టక్కుమని ఉంటుంది. ఇప్పుడు. ఇప్పుడు.

ఖాజా అద్దంలో ఆమెను చూసి “గాబరా పడకున్రి అక్కా, అల్లా ఉన్నడు” అన్నాడు. ఆమెకు అది వినిపించీ వినిపించనట్టు ఉంది. వేలు దానంతటదే మళ్లీ నొక్కింది. ఈసారి మోగలేదు. బిజీ. బిజీ? చెవికి గట్టిగా ఆనించుకుంది. మాట్లాడుతున్నారు, ఎవరో బాపు ఫోనులో మాట్లాడుతున్నారు, ఫోను జేబులోంచి బయటికి వచ్చింది, ఎవరి చేతిలోనో ఉంది. బాపు చేతిలో. కాదు, అవ్వకు నొక్కడం రాదు కదా, అయితే ఎవరో వచ్చారు, గోపయ్య వచ్చి ఉంటాడు, అవ్వ అరుపు విని వచ్చి ఆ ఫోను తీసి అంబులెన్సుకు చేస్తున్నాడు. లేదు, బాపే. బాపు ఎవరికి చేస్తాడు? పైసలు పోతాయని ఎవరికీ చెయ్యని మనిషి. మళ్లీ నొక్కింది, బిజీ. మళ్లీ నొక్కింది, మోగింది, మోగి ఆగింది, ఎవరూ ఎత్తలేదు. పార్సిలు ఒళ్లోంచి జారి కాళ్ల దగ్గర పడింది. అందులో ఇలాంటి డబ్బాల కోసం ఇంకా కొత్త బోర్డులు, గోపయ్యకు ఒకటి, ముత్తయ్యకు ఒకటి, పెద్దబాపు బావమరిదికి ఒకటి, అందరూ కావాలన్నారు. తియ్యలేదు, వంగలేదు.

చేను దాకా బండి పోదు. చింతచెట్ల దగ్గర దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు మీద పరుగెత్తింది. నలభై దాటిన ఒళ్లు, చీర కుచ్చిళ్లు, ఎండ. గోపయ్య చేన్లో బోరు పోస్తోంది, ఇంకెవరిదో పోస్తోంది, చుట్టూ మోటార్ల మోత. తమ బావి నుంచి మోత లేదు. ఎందుకు లేదు? పెట్టి ఆపారా, ఆగిపోయిందా, దేనికి తగిలి ఆగిపోయింది? గట్టు మీద అవ్వ లచ్చమ్మ కొంగు నెత్తిన వేసుకుని కూర్చుని టమాటల్లో పుచ్చువి ఏరుతోంది. ఏరుతోంది. కూర్చుని టమాటలు ఏరుతోంది.

“ఏందే, గిట్ల ఉరికొస్తున్నవు? బొంబాయి పోయినవనుకుంటి, ఊకె మోగిస్తున్నవు” అంది అవ్వ.

“బాపు?”

“ఏడుంటడు, దిగిండు.”

సుమలత ఆగలేదు. షెడ్డులోకి దూరి, రెండు చేతులతో మెయిను స్విచ్చు కర్రను కిందికి లాగింది. అది దిగిన చప్పుడు విన్నాక బావి అంచుకు వచ్చి కిందికి చూసింది. బాపు చప్టా మీద ఉన్నాడు. ఇరుసుకు అటొక కాలు, ఇటొక కాలు. చేతిలో కొడవలి. ఇరుసుకు తువాల చుట్టుకుపోయి ఉంది, తాడులా మెలికపడి, నల్లగా గ్రీజుతో, దాన్ని కొడవలితో కోసి కోసి పోగులు లాగుతున్నాడు.

“వచ్చినవా బిడ్డా” అన్నాడు తల ఎత్తి, ఎండకు కళ్లు చికిలించి. “నువ్వు ఊకె ఊకె కొడుతుంటే మీ అవ్వ మీదికెళ్లి ఒకటే ఒర్రుడు. బిడ్డకు ఏమైందో ఏమో, రా, చూడు అని. ఏందోనని మెట్లెక్కి పోయిన, గప్పుడే లేచింది మోటారు. తువాల దీని మీద మరిచి పోయిన, గుంజుకున్నది, ఇగో. గప్పుడు తెలిసింది, ఓహో, మోటారు పెడుతున్న, పైకి రా బాపు అని నువ్వు కొట్టుడు గదా అది.” నవ్వాడు. “ఎయిర్‌పోర్టుల కూసొని పెట్టినవా? బాగనే చేసినవు గని, జర ముందుగల చెప్పొద్దా? నేను మల్ల రెండు కాల్లు కొట్టిన, బంద్ అయింది. అది గూడ తిరిగి కొట్టింది. ఇగ దిగిన.”

ఇగ దిగిన. బిజీ అంటే అది. ఆయన డబ్బాకే చేశాడు, అది విన్నది, సరేనన్నది, ఆయన మళ్లీ దిగి చేతులు అక్కడే పెట్టాడు. ఒట్టిపోయిన ఆ బ్యాటరీతో కరెంటు ఒకసారి కన్నుకొడితే చాలు, అది మళ్లీ కొత్తగా పుట్టి, ఏమీ ఎరగని ముఖంతో, మళ్లీ పెట్టేది. అనవచ్చు, అవును బాపు నేనే పెట్టిన అని అనవచ్చు. ఆయన నవ్వు అట్లాగే ఉంటుంది. బ్యాటరీ ఇవాళ మార్చి, రాత్రి ఆ నాలుగు వరసలు రాసి, రేపు వచ్చి ఎక్కిస్తే, ఇంక ఎవరికీ తెలియదు. ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమె మెట్లు పట్టుకుని రెండు మెట్లు దిగింది, మూడో మెట్టు మీద కూర్చుంది, ఆయన ముఖానికి తన ముఖం దగ్గరగా ఉండేటట్టు.

“నేను పెట్టలే బాపు.”

“మరెవలు పెట్టిన్రు?”

“అదే పెట్టుకుంది. నువ్వు ఆపుమన్నది అది మరిచిపోయింది. కరెంటు పోతే దానికి ఏం యాదికుండదు. దాన్ని నేను గట్ల రాసిన. రాయాల్సింది రాయలే.”

ఆయన కొడవలి ఆపాడు. తువాల మెలికను చూశాడు, దాన్ని చూసిన తర్వాత తన కుడిచేతిని, ముందుకూ వెనక్కూ తిప్పి, చాలాసేపు చూశాడు, కొత్తగా కొన్నదాన్ని చూసినట్టు. గట్టు మీదికి ఖాజా వచ్చి నిలబడ్డాడు, పార్సిలు చంకలో పెట్టుకుని. అవ్వ అతనికి నీళ్ల చెంబు అందించింది.

“దానికి నా గొంతు ఎరుకే అంటిని గద అందరికి” అన్నాడు బాపు చివరకు, మెల్లగా.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆమెను తిట్టలేదు, ఊకో అని కూడా అనలేదు. తువాల పోగు ఒకటి లాగి, “తాడు సగం గుంజిన, గిట్ల ఇడిసిపెడితే నీళ్లు రావు. చెట్లు ఎండుతయి” అన్నాడు. “నువ్వు మీదికి పో. మెయిను కాడ నిలబడు.”

ఆమె పోయింది. షెడ్డు కప్పు కింద రేకుల వేడి ముఖానికి కొట్టింది. మెయిను కర్ర మీద చెయ్యి వేసి నిలబడింది, అది కిందే ఉంది, అయినా నొక్కి పట్టుకుంది. డబ్బా మీద పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది. మోటారు ఆపినా అది మేలుకుని ఉండాలని దాని తీగను మెయినుకు ముందే కలిపింది తను. చూస్తుండగానే చుట్టుపక్కల మోత అంతా ఒక్కసారి తెగిపోయింది, గోపయ్య బోరు ఆగింది, పచ్చ దీపం ఆరింది, ఏవో పక్షులు వినిపించాయి. మళ్లీ కరెంటు వచ్చింది, మోత మొదలైంది. చేతిలో ఫోను వణికింది. ఆమె దాన్ని చూడలేదు. పచ్చ దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి, మర్యాదగా ఆగి, నిలకడపడింది. స్టార్టరు టక్కుమంది. బావిలో ఏదీ కదలలేదు.

“ఏందది?” కింది నుంచి బాపు గొంతు, గట్టిగా.

“ఏం కాలే. చెయ్యి దీని మీదనే ఉంది బాపు.”

కొంచెంసేపు కొడవలి గీరిన చప్పుడు. అది ఆగింది.

“బిడ్డా, ఉన్నవా?”

“ఉన్న.”

గీరుడు మళ్లీ మొదలైంది. ఖాజా గట్టు మీద కూర్చుని అవ్వతో తమ్ముడి పెళ్లి గురించి చెబుతున్నాడు, అవ్వ ఎవరి పిల్ల, ఏ ఊరు అని అడుగుతోంది. ఎండ షెడ్డు గడప దాటి ఆమె పాదాల మీదికి వచ్చింది. పక్కకు జరిగితే చెయ్యి అందదు, జరగలేదు.

“ఉన్నవా?”

“ఉన్న బాపు.”